నాణెం పిట్ట పాడిందా?

మెయిర్వెన్‌కి ఒకసారి కోపం వచ్చిందంటే ఇక అది పోయేది కాదు. పోవాలని ఆవిడ కోరుకునేదీ కాదు. నాంట్‌గ్విన్ ఊళ్ళో ఎవర్ని కదిపినా ముందు ఈ మాటే చెబుతారు. ఆవిడ మంచితనం సంగతి ఆ తరవాత వస్తుంది. బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనాలు వండిపెట్టిన చెయ్యి అది. ఊళ్ళో సగం మంది ఆ చేతి బంగాళాదుంపలు తిని పెరిగినవాళ్ళే. అందుకే ఆవిడ పేరు బడివంటల మెయిర్వెన్. అక్కడ ఇంటిపేరు పెట్టి పిలిస్తే సగం ఊరు పలుకుతుంది గనక, ఎవరి పనే వాళ్ళ పేరు.

ఎప్పుడో ఒక పోటీలో ఆవిడ చేసిన ఎండుద్రాక్షల రొట్టె తిని, “కాస్త పిడచకట్టింది” అన్నాడొక పెద్దమనిషి. ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ శ్మశానంలో ఆయన సమాధి రాయి పక్కనుంచి వెళ్ళాల్సివస్తే మెయిర్వెన్ మొహం అటు తిప్పుకునే వెళుతుంది.

అలాంటి మనిషి దగ్గర్నుంచి బ్యాంకు ఎల్వెడ్ కర్ర లాక్కున్నాడు.

కర్రంటే మామూలు కర్ర కాదు. ఊరి వెనక కొండవాలంతా పాత ఓక్ అడవి. చెట్లు పెద్ద ఎత్తేం ఉండవు, వంకరటింకరగా పెరిగి, మొదలు నుంచి కొమ్మ దాకా నాచు కప్పుకుని ఉంటాయి. అడవిలో ఏటా మే నెలలో ఒక ఆదివారం ఊరంతా కలిసి నడుస్తారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ వస్తారు. నడిపించే మనిషి చేతిలో ఆ కర్ర ఉంటుంది. కర్ర పైకి లేస్తే అందరూ ఆగాలి, నోరు మూసుకోవాలి, వినాలి. పాడుతున్నది ఏ పిట్టో కర్ర పట్టినవాళ్ళే చెబుతారు. వాళ్ళు చెప్పిందాకా ఎవరూ నోరు విప్పరు, చెప్పాక ఎవరూ కాదనరు. ఆ కర్రని మెయిర్వెన్ మొగుడు టెగిడ్ కుర్రతనంలో చెట్టునుంచి కోసి, ఎండబెట్టి, పిడి చెక్కి తయారుచేశాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయనే నడిపించాడు. ఆయన పోయాక కర్ర మెయిర్వెన్ చేతికొచ్చింది. అది ఆవిడ చేతిలోనే ముసలిదవుతుందని అందరూ అనుకున్నారు.

ఇంతలో చలికాలంలో ఆవిడకి తుంటి ఎముక మార్చాల్సివచ్చింది. ఆసుపత్రిలో మంచం మీద ఉండగా ఎల్వెడ్ ద్రాక్షపళ్ళ పొట్లం పట్టుకుని చూడ్డానికొచ్చాడు. కుర్చీ లాక్కుని కూచుని, తెచ్చిన పళ్ళు తనే ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటూ చెప్పాడు.

“నువ్వేం బెంగపెట్టుకోకు మెయిర్వెన్. నిన్న చాపెల్ వెనక గదిలో మీటింగు పెట్టుకున్నాం. మే నడక సంగతి నేను చూసుకుంటానన్నాను. అందరూ సరేనన్నారు.”

“నన్నడిగారా?”

“అడుగుదామంటే నువ్వు లేవుగా మరి.”

“కర్ర ఎక్కడుంది?”

“మా ఇంట్లోనే. గుమ్మం దగ్గర గొడుగుల్లో పెట్టాను. దానికేం కాదులే.”

గొడుగుల్లో! మెయిర్వెన్ కళ్ళు మూసుకుంది. నొప్పి వచ్చిందేమోనని ఎల్వెడ్ నర్సుని పిలిచాడు. అంత మంచివాడతను. ఆవిడకి అదే ఇంకా మండింది. చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూచుని చదువుకున్నారిద్దరూ. అప్పుడూ అంతే, ఆవిడ పెన్సిలు తీసుకుని, “నీకెలాగూ ఇంకోటుందిగా” అనేవాడు.

ఇంటికొచ్చాక ఆవిడ పూనుకున్న పని ఒకటే. నడక నేర్చుకోవడం. ముందు వంటింట్లో, తరవాత వీధి చివరిదాకా, ఆ తరవాత అడవి గేటు దాకా. డాక్టరు చెప్పినదానికంటే ముందే కాలు సాగింది. కసి ఉన్న కాలికి మందులతో పెద్ద పని లేదు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఆవిడ అడవిలో మొదటి మలుపు దాటేసరికి ఎల్వెడ్ కనిపించాడు. బాట పక్కన నిలబడి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. సరిగ్గా అతని నెత్తి మీది కొమ్మలో బంగారు పాపిడి పిట్ట సూదిలాంటి గొంతుతో పాడుతోంది. ఎల్వెడ్ తల ఎత్తలేదు. పిట్ట మళ్ళీ పాడింది. ఎల్వెడ్ వాచీ చూసుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మెయిర్వెన్ అక్కడే నాచు పట్టిన బండమీద కూలబడింది. ఒక వయసు దాటాక కొందరికి సన్నటి గొంతులు వినపడటం ముందు పోతుంది. కాకి వినిపిస్తుంది, గుడ్లగూబ వినిపిస్తుంది, పక్కింటివాళ్ళ గుసగుసలూ వినిపిస్తాయి. సూదిమొనల్లాంటి పాటలు మాత్రం చెవిదాకా వచ్చి ఆగిపోతాయి. టెగిడ్‌కీ చివరికి అదే అయింది. ఆయన మాత్రం తెలిసిన రోజే అందరికీ చెప్పి, మెయిర్వెన్‌ని పక్కన పెట్టుకుని నడిపించాడు.

ఎల్వెడ్ ఎవరికీ చెప్పలేదు. బహుశా తనకి తాను కూడా చెప్పుకోలేదేమో.

అయినా ఆవిడ తొందరపడలేదు. ఆ ఆదివారం బడి వంటింట్లో వాడిన అలారం గడియారాన్ని సంచీలో వేసుకుని చాపెల్‌కి వెళ్ళింది. కేకులు మాడిపోకుండా కీచుమని అరిచే బుల్లి గడియారం అది. ఎల్వెడ్ పెద్దల బెంచీలో, అందరికీ ఎదురుగా కూచున్నాడు. ప్రసంగం మంచి పట్టులో ఉండగా సంచీలోంచి కీచుకీచుమని మోత. ఊరంతా వెనక్కి తిరిగింది. పాస్టరు గారు మాట మధ్యలో ఆగిపోయారు. ఎల్వెడ్ ఒక్కడే కదలకుండా, భక్తిగా పాస్టరు వంకే చూస్తున్నాడు. పాస్టరు ఎందుకు ఆగారో తెలియక, ప్రార్థన మొదలైందనుకుని కళ్ళు మూసుకున్నాడు కూడా.

“క్షమించాలి, ఇంట్లో రొట్టె పెట్టి మరిచిపోయాను” అంది మెయిర్వెన్. ఆ రోజు కీర్తన పాడేటప్పుడు ఆవిడ గొంతు ఖంగుమంది. చాలాకాలంగా అంత గట్టిగా పాడలేదు.

మర్నాడు కొట్టుకి వెళ్ళింది. కొట్టు లినెడ్‌ది. మెయిర్వెన్‌కి ఉన్న ఒక్క దగ్గరి స్నేహితురాలు. ఆ దగ్గరితనం ఎంతంటే, లినెడ్ మీద కూడా ఆవిడకి చిన్నా చితకా కోపాలు రెండు మూడున్నాయి.

“నాణెం పిట్ట ఈ ఏడైనా వస్తుందంటావా?” అంది లినెడ్, వెన్న తూచుతూ.

ఊళ్ళో అందరూ అదే అడుగుతున్నారు. ఆకుపచ్చ వీపు, పసుప్పచ్చ గొంతు ఉన్న ఆ పిట్ట ఎండాకాలానికి ఆఫ్రికా నుంచి వస్తుంది. పాటేమో, పలకరాయి మీద నాణెం గిర్రున తిప్పి వదిలితే అది తిరిగి తిరిగి, తొందర తొందరగా వణికి ఆగిపోయినట్టు ఉంటుంది. గత రెండు వసంతాలూ అది ఈ అడవికి రాలేదు.

“వస్తే ఎల్వెడ్ చెబుతాడుగా. కర్ర ఆయనదే” అంది మెయిర్వెన్ తేనె పూసినట్టు.

లినెడ్ వెన్న కత్తి పక్కన పెట్టింది. “ఏమే, నీ గొంతేంటి అంత తియ్యగా ఉంది? ఎవరి కొంప ముంచబోతున్నావ్?”

“నేనా? నాకు విశ్రాంతి కావాలిట. విశ్రాంతి తీసుకుంటున్నాను.”

మే నడక రోజు వాన వెలిసి, ఆకులన్నీ కడిగినట్టున్నాయి. బాటకి రెండువైపులా నీలి పూలు విరగబూశాయి. ముందు ఎల్వెడ్, చేతిలో కర్ర. వెనక ఊరు, పొరుగూళ్ళవాళ్ళు, ఫ్లాస్కులు, కుక్కలు. మెయిర్వెన్ లినెడ్ చెయ్యి పట్టుకుని ముందు వరసలోనే నడిచింది. మొదటి గేటు దగ్గర కర్ర లేచింది. ఎర్రతోక పిట్ట. నిజమే, పాడుతోంది. వాగు దగ్గర మళ్ళీ లేచింది. నలుపు తెలుపు ఈగపిట్ట. అదీ నిజమే. అవి రెండూ కళ్ళకి కనిపిస్తూనే ఉన్నాయి మరి. ఎల్వెడ్‌కి చూపు గద్ద చూపు.

కొండవాలు నిలువుగా ఉండే చోటికి వచ్చారు. కింద పొదల్లేవు, ఎండుటాకులే. పైన లేత ఆకు దట్టంగా అల్లుకుంది. నాణెం పిట్ట వస్తే ఇక్కడికే వస్తుంది. మెయిర్వెన్ చెవులు రిక్కించి వింది. ఏమీ లేదు. ఆకులనుంచి నీటిచుక్కలు రాలుతున్న చప్పుడు, అంతే. ఆవిడ ఎల్వెడ్ పక్కకి జరిగి, మొహం వెలిగిపోతున్నట్టు పెట్టి, పైకి చూస్తూ అంది:

“ఎల్వెడ్! ఏమిటయ్యా అది పాడుతోంది? అదేనా?”

కర్ర లేచింది. అందరూ శిలల్లా ఆగిపోయారు. ఎల్వెడ్ తల ఎత్తాడు. అతని మొహంలో రంగు మారడం మెయిర్వెన్ ఒక్కత్తే చూసింది. ఒక క్షణం అతను ఆవిడ వంక చూశాడు, మళ్ళీ చెట్ల వంక. అంతమంది కళ్ళు తన మీదే ఉన్నాయి. గొంతు సవరించుకున్నాడు.

“నాణెం పిట్ట” అన్నాడు. “వచ్చేసింది.”

మెయిర్వెన్ గుండె ఎగిరి గంతేసింది. ఇక ఒక్క నిమిషం. ఎవరో ఒకరు, ‘ఎక్కడ? నాకు వినపడలేదే’ అంటారు. ఒకరంటే పదిమంది అంటారు. కర్ర కిందికి దిగుతుంది, దాంతోపాటే మనిషీ.

“అబ్బ! ఎంత బాగుందో” అంది పొరుగూరి పెద్దావిడ, కళ్ళు తుడుచుకుంటూ.

“అదిగో, మళ్ళీ!” అన్నాడు వెనకనుంచి ఎవరో.

“రెండున్నట్టున్నాయి” అన్నాడింకొకడు.

కర్ర పట్టినవాడు విన్నాక మనకి వినిపించలేదంటే తప్పు మనదే అవుతుంది గదా. అందుకని ఒక్కొక్కరికీ వినిపించింది. కుక్కలు తప్ప అందరూ విన్నారు. లినెడ్ కూడా చెయ్యి గుండెల మీద పెట్టుకుని విన్నది.

“ఏ పిట్టా పాడటం లేదు!” అంది మెయిర్వెన్.

కర్ర ఇంకా పైనే ఉంది.

“నేను చెబుతున్నాను, అక్కడేం లేదు. ఊరికే అడిగాను. అతనికి వినపడదు, మీరంతా...”

లినెడ్ ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. “పద, కాస్త కూచుందువుగాని” అని, పక్కవాళ్ళతో గొంతు తగ్గించి, “మత్తుమందిచ్చారు గదా ఆపరేషన్లో. ఒక్కోసారి చెవుల మీదికి వస్తుందిట” అంది.

“పాపం” అన్నారు పక్కవాళ్ళు. ఆ పాపమన్న మాట వరస చివరిదాకా పాకిపోయింది. ఎవరో ఫ్లాస్కు మూతలో టీ పోసి తెచ్చిచ్చారు. ఎల్వెడ్ కర్ర దించి, ఆవిడ వైపు చూడకుండా ముందుకి కదిలాడు.

మర్నాడు తెల్లారగానే కోటు తగిలించుకుని ఒంటరిగా అడవికి వెళ్ళింది. ఎందుకెళుతోందో ఆవిడకే తెలియదు. తన మాటే నిజమని చెట్లనైనా సాక్ష్యం అడగాలనిపించింది. నిలువు వాలు దగ్గరికి వచ్చి, అక్కడే ఆగిపోయింది.

పైన, ఆకుల్లో, నాణెం తిరుగుతోంది. మెల్లగా మొదలై, వేగం పుంజుకుని, వణికి, ఆగింది. మళ్ళీ మొదలైంది.

“నిన్న రావడానికేం రోగమొచ్చింది నీకు?” అంది మెయిర్వెన్ పైకి చూసి. “నువ్వు కూడా వాడి పక్షమేనన్నమాట!”

ఎల్వెడ్ ఆడిన అబద్ధాన్ని ఆ పిట్ట వచ్చి నిజం చేసిపెట్టింది. ఇక ఎవరికి చెప్పినా, ‘అవును, మేం నిన్ననే విన్నాంగా’ అంటారు. ఆవిడ ఒళ్ళంతా మండిపోయింది. అయినా పాట ఆగేదాకా కదల్లేదు.

సాయంత్రం తలుపు చప్పుడైంది. ఎల్వెడ్. టోపీ చేతిలో ఉంది.

“నిన్న నిజంగా పాడలేదా?” అన్నాడు గుమ్మంలోంచే.

“ఊరంతా విన్నది. వాళ్ళనడుగు.”

“వాళ్ళనెలా అడుగుతాను? మెయిర్వెన్, నవ్వకు. నాకు మూడేళ్ళనుంచీ ఆ పిట్ట రాలేదు. రావడం మానేసిందో, నా చెవుల్లోంచే పోయిందో నాకు తెలియదు. నువ్వు తప్ప నిజం చెప్పేవాళ్ళు లేరు. ఉందా, లేదా? అదొక్కటి చెప్పు చాలు.”

ఇంతకంటే మంచి గడియ మెయిర్వెన్ జీవితంలో ఎప్పుడూ రాలేదు. ఆవిడ తలుపు చెక్కకి ఆనుకుని నిలబడి, ఆ గడియని కాసేపు నోట్లో చప్పరించింది.

“కర్ర?” అంది.

“ఇచ్చేస్తాను.”

“గుట్టుగా ఇస్తే నాకక్కర్లేదు. జూన్లో టీ పార్టీ నాడు, అందరి ముందూ ఇవ్వాలి.”

“అలాగే ఇస్తాను. నా మాట మీద నమ్మకం లేదా?”

“లేదు. అయినా సరే. రేపు పొద్దున్న గేటు దగ్గరికి రా.”

మర్నాడు ఇద్దరూ నిలువు వాలు దగ్గర నిలబడ్డారు. నెత్తి మీద నాణెం పిట్ట ఊపిరి సలపకుండా పాడుతోంది. ఎల్వెడ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నోరు తెరిచి, ఊపిరి బిగబట్టి ఆవిడ మొహం వంక చూస్తున్నాడు.

మెయిర్వెన్ పాట మొత్తం విన్నది. ఆఖరి వణుకు దాకా విన్నది. తరవాత తల అడ్డంగా ఊపింది.

“పాడటం లేదు. రేపు చూద్దాం.”

రేపూ అంతే. ఎల్లుండీ అంతే. వాన పడితే గొడుగు వేసుకుని వచ్చాడు. జలుబు చేస్తే మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. “ఇవాళ?” అనేవాడు. పిట్ట గొంతు చించుకుంటుంటే, “ఊహూఁ” అనేది ఆవిడ. మెడ పట్టేసేలా అతన్ని పైకి చూడనిచ్చి, అప్పుడు ఇంటికి తోలేది. ఇంటికొచ్చి కాల్చిన రొట్టె మీద వెన్న రెండింతలు రాసుకుని తినేది. ఆకలి అంత బాగా వేస్తోంది ఆవిడకి.

మధ్య మధ్య వేరే మాటలూ వచ్చేవి. టెగిడ్ సంగతులు, ఎల్వెడ్ కూతురి సంగతులు, ఏ చెట్టు తొర్రలో ఏ పిట్ట గుడ్లు పెట్టిందో ఆ సంగతులు. ఒకరోజు వాగు దగ్గర ఆవిడ కాలు జారబోతే అతను చెయ్యిచ్చాడు. ఆవిడ పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకున్నందుకు ఆ రోజంతా తన మీద తనకే చిరాకేసింది. మర్నాడు “ఊహూఁ” అన్నప్పుడు గొంతు ఇంకాస్త కటువుగా పెట్టింది.

“ఇద్దరూ కలిసిపోయారటగా, ఎంత మంచిమాట!” అంది లినెడ్. మెయిర్వెన్ ఇంకో పొట్లం వెన్న కట్టమంది.

నెలాఖరున ఒకరోజు ఎల్వెడ్ దుర్భిణీ తెచ్చుకున్నాడు. అప్పటికి ఆకు ముదిరింది. చాలాసేపు అటూ ఇటూ తిప్పి, ఒకచోట ఆపాడు. కదల్లేదు. పైన పాట సాగుతోంది. మెయిర్వెన్ పక్కకి చూసింది. అతని పెదవులు కొద్దిగా తెరుచుకున్నాయి, అంతే. దుర్భిణీ దించి మెళ్ళో వేసుకున్నాడు.

“పాడటం లేదు కదూ?” అన్నాడు.

“లేదు.”

“సరే, రేపు వద్దాం.”

ఎప్పటి గొంతే. మెయిర్వెన్ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

జూన్ టీ పార్టీ చాపెల్ వెనక గదిలో. పొడుగు బల్లల మీద కేకులు, జాము రొట్టెలు, పెద్ద గంగాళంలో టీ. మెయిర్వెన్ మంచి గౌను వేసుకుని ముందు కూచుంది. ఎల్వెడ్ లేచి చెంచాతో కప్పు మోగించాడు. చేతిలో కర్ర. మాట మీద నిలబడే మనిషే, ఆ మాట ఒప్పుకోవాలి.

“ఈ కర్ర టెగిడ్ చేసింది. ఇది మెయిర్వెన్ చేతిలోనే ఉండాలి. ఇవాళ తిరిగిచ్చేస్తున్నాను” అన్నాడు.

చప్పట్లు. మెయిర్వెన్ లేచింది. కర్ర అందుకుంది. పిడి అరచేతిలో ఎప్పట్లాగే కుదురుకుంది.

ఎల్వెడ్ కూచోలేదు.

“మీకందరికీ తెలుసు, పాపం ఆవిడకి ఈమధ్య చెవులు... నడక రోజు చూశారుగా. ఆ తరవాత నేను ఊరుకోలేకపోయాను. ఎలాగైనా వినిపిద్దామని మే నెలంతా పొద్దున్నే ఆవిడని పిట్ట దగ్గరికి తీసుకెళ్ళాను. ఎదురుగా కొమ్మ మీద కూచుని, నోరు తెరిచి, ఒళ్ళంతా వణికిస్తూ పాడుతోంది. నా కళ్ళతో చూస్తున్నాను. ఆవిడేమో పాడటం లేదంటుంది. ప్రతిరోజూ అదే. ఏం మెయిర్వెన్, అలా అన్నావా లేదా?”

గదంతా ఆవిడ వైపు తిరిగింది. అనలేదంటే అబద్ధం. అన్నానంటే చెవిటిది. వినిపిస్తున్నా కావాలనే అన్నానంటే, చెవులు పోయిన ముసలాణ్ణి నెల్లాళ్ళు కొండెక్కించి ఆడుకున్న మనిషి.

“అన్నాను” అంది మెయిర్వెన్.

“అందుకని వచ్చే ఏడునుంచి కర్ర ఆవిడ పడుతుంది. నేను పక్కనుండి ఏ పిట్టో చెబుతాను. ఇద్దరం కలిసి నడిపిస్తాం.”

ఈసారి చప్పట్లకి కిటికీ అద్దాలు అదిరాయి. లినెడ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ గోలలో మెయిర్వెన్ అతని వైపు వంగి, పళ్ళ మధ్యనుంచి అడిగింది.

“ఆ రోజే చూశావన్నమాట.”

“ఆ రోజే.”

“మరి తరవాత కూడా రోజూ ఎందుకొచ్చావ్?”

“నువ్వు అబద్ధమాడుతుంటే నీ మొహం చూడ్డానికి. చిన్నప్పట్నుంచీ నువ్వది సరిగ్గా చెయ్యలేవు” అన్నాడు ఎల్వెడ్. పళ్ళెంలోంచి ఒక కేకు తీసుకుని, ఆవిడకివ్వబోయి, మనసు మార్చుకుని తనే కొరికాడు.

లినెడ్ టీ కప్పు పట్టుకుని వచ్చి ఆవిడ చెవి పక్కన నిలబడి, గది మారుమోగేలా అడిగింది. “మెయిర్వెన్! పాలు! పొయ్యనా?”

అప్పట్నుంచీ నాంట్‌గ్విన్‌లో ఆవిడతో అందరూ అరిచే మాట్లాడతారు. పాస్టరు గారు అరుస్తారు, పాలవాడు అరుస్తాడు, బడిపిల్లలు వీధి అవతలనుంచే అరుస్తారు. ఆవిడా వాళ్ళకి అరిచే జవాబిస్తుంది. ఒక్క ఎల్వెడ్‌తో మాత్రం అలా కాదు. మే నెలలో కర్ర పట్టుకుని అతని పక్కన నడుస్తూ, పదిమంది చూస్తుండగా, చిరునవ్వు చెరగనివ్వకుండా, గొంతుని సన్నగా, సూదిమొనంత సన్నగా చేసి మాట్లాడుతుంది. ఎల్వెడ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఆఁ? ఏమన్నావ్?” అంటాడు. ఆవిడ మళ్ళీ అదే గొంతుతో చెబుతుంది.